పాంఢ్రికి మూడు బిళ్ళల బరువు

కంసాలి దుకాణంల మూలకు పడున్న తక్కెడ
అడుక్కొని తెచ్చిండు మా ఆయన.
అరచేతంత లేని తట్టలు రెండు.
ఒకదాంట్ల మూడు రూపాయి బిళ్ళలు,
ఇంకోదాంట్ల జొన్నలు, సజ్జలు, గిన్ని గోధుమ రవ్వలు.
ముల్లు నడుమ నిలిచేదాక ఊపిరి బిగబడ్తడు.
గంతే. పాంఢ్రికి ఒక దినం బువ్వ.

బల్లార్షా మొత్తానికి కాగితం మిల్లు వాసన.
మా ఇంటికి దాని మీద ఎలుక వాసన.

రాజురా కాలేజీల పరీక్షలు ఒడిసినంక
తెల్ల ఎలుకలను ఏం జేస్తరో ఎరికై
బోర్కుటే వాళ్ళ పిల్లగాడు
టిఫిన్ డబ్బాల పెట్టుకొచ్చి
"కాకా, రెండు రోజులు ఉంచు" అన్నడు.
రెండు రోజులకు యాడాదిన్నర.
ముందుగాల "అరె ఎలుకా" అని పిలిచిండు,
పక్కింటి సోనల్ "పాంఢ్రీ" అన్నది, అదే ఖాయమైంది.

సోనల్ బిస్కెట్ ముక్క పెట్టబోతే
చెయ్యి అడ్డం పెడ్తడు.
బెల్లం వద్దు. బజ్జి వద్దు.
ఉడకని చిక్కుడు గింజ దగ్గరికే రావద్దు.
పాలకూర కడిగి, తుడిచి, నీళ్ళ చుక్క లేకుంట.
బఠానీలు నాలుగు, ఉడికినవి.
గుడ్డు తెల్లసొన గోరంత, సోమారం, శుక్రారం.
నా పెండ్లినాడు గూడ
ఇంత లెక్క సూడలే ఈ మనిషి.

కంపెనీ దవఖాన డాక్టరమ్మ
ఆయనకు గూడ ఒక కాగితం రాసిచ్చింది.
ఫ్రిజ్ తలుపుకు అంటబెట్టిన.
తలుపు తీస్తడు, మూస్తడు, కాగితం సూడడు.
స్టేషన్ కాడ జిలేబి తిని
మూతి తుడుసుకొని వస్తడు,
మీసానికి పాకం అంటుకొనే ఉంటది.
షుగరు మూడు నూర్ల పది.
"ఎలుక పాటి సెయ్యనా నేను?" అంటే
"అది సిన్న పాణం" అంటడు.

ఒక రాత్రి తనంతల తనే చెప్పిండు:
ఎలుకకు కక్కుడు రాదంట.
లోపటికి పోయింది లోపటనే.
"గందుకే పెట్టేటోడు సూసుకొని పెట్టాలె."
చెప్పి దగ్గిండు, శానా సేపు దగ్గిండు.
ముప్పై ఒక్క ఏండ్లు మింగిన బొగ్గు దుమ్ము
ఆ దగ్గుల ఎంత బయటికొచ్చింది?
నేను వీపు రాసిన. అడగలే.

మూడో నంబర్ బాయిల, చద్ది మూట విప్పితే
ఎలుకలు వచ్చి కాళ్ళ కాడ కూసునేటియట.
అంచు ముక్క వాటికి. అది రివాజు.
ఒకనాడు రొట్టె ముక్క నోట పట్టిన ఎలుక
దాన్ని ఆడనే ఇడిసి ఉరికిందట.
"రొట్టె ఇడిసింది, లేవుండ్రి" అని సర్దార్ కేక.
పదకొండు మంది బయటపడ్డరు.
లసుమయ్య దీపం మర్చిపోయి
వెనుకకు మళ్ళిండు.

ఇంకా ఏమన్న చెప్తడేమో అని ఆగిన.
లేచి పోయి పాంఢ్రి నీళ్ళ సీస మార్చిండు.

మొన్నటిసంది నేను ఒక పని జేస్తున్న.
ఆ తక్కెడకు ఎదురుంగనే
ఆయన పళ్ళెం పెడ్తున్న.
అదే జొన్న, రొట్టె జేసి. అదే పాలకూర.
అదే గుడ్డు, పచ్చసొన తీసి.
మొదటినాడు పళ్ళెం దిక్కు సూసిండు,
గూడు దిక్కు సూసిండు,
"నన్ను గూడ బోనుల పెట్టినవ్" అన్నడు.
తిన్నడు మాత్రం. జిలేబి మానిండని కాదు.

మధ్యాన్నం రెండింటికి
ఓపెన్‌కాస్ట్ దిక్కు తోటాలు పేలుస్తరు.
కిటికీ ఊచలు గునుస్తయ్,
అటక మీద గిన్నెలు ఒకదానికొకటి తాకుతయ్.
పాంఢ్రి నములుడు ఆపుతది,
ముందు కాళ్ళు రొమ్ము కాడ పెట్టుకొని.
ఆయన ముద్ద నోటి కాడనే ఆపుతడు.
నేను గూడ, ఎందుకో, గరిటె ఆపుతున్న.

అది మళ్ళ జొన్న గింజ అందుకున్నంక
ఆయన నోరు తెరుస్తడు.